యజమాని అప్పు, అభిమాని నవ్వు



2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఐపీఎల్ రెండో ఏడాది ఫైనల్ జరిగింది. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్కన్ చార్జర్స్ 143 పరుగులు చేస్తే, కుంబ్లే నాయకత్వంలోని బెంగళూరు జట్టు 137 దగ్గర ఆగిపోయింది. ఆరు పరుగుల తేడాతో కప్పు హైదరాబాద్ జట్టుకి దక్కింది. అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు అది. విశాఖకు చెందిన వేణుగోపాలరావు ఆ జట్టు సభ్యుడు కావడంతో మన ఉత్తరాంధ్ర జిల్లాలవారు కూడా దాన్ని మన జట్టే అనుకున్నారు. ఇక 2012 అక్టోబరుకి వద్దాం. ఆ నెల రెండో వారానికి దక్కన్ చార్జర్స్ అనే జట్టు లేకుండా పోయింది. దాని యజమాని దక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ అప్పుల్లో కూరుకుపోయి, వంద కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ చూపించలేకపోయింది. అదే నెల 20న కింగ్‌ఫిషర్ విమానాల లైసెన్సును ప్రభుత్వం నిలిపేసింది. ఆ కంపెనీ విజయ్ మాల్యాది, అప్పట్లో బెంగళూరు జట్టూ ఆయనదే. ఉద్యోగులకు అప్పటికే నెలల తరబడి జీతాల్లేవు. ఫైనల్లో తలపడిన రెండు జట్ల యజమానుల సంగతీ మూడున్నరేళ్లు తిరిగేసరికి, ఒకే నెలలో, ఇలా తేలింది. అయినా ఒక జట్టు పోయింది, రెండోది బతికింది. బెంగళూరు జట్టు అప్పట్లో మాల్యాగారి మద్యం కంపెనీ పద్దులో ఉండేది, విమానాల కంపెనీ పద్దులో కాదు. అది బతకడానికి ఉన్న కారణం అంతకుమించి పెద్దది కాదు. అభిమానుల గొప్పతనానికి గానీ, ఆటగాళ్ల ప్రతిభకు గానీ అందులో చోటు లేదు.

ఈ రోజు ప్రసంగ విషయం ఇదే. ఎదుటి జట్టు యజమాని అప్పులపాలైతే, ఆయన మీద కేసులు పడితే, ఆటగాళ్లకు జీతాలు అందకపోతే, దాన్ని చూసి నవ్వుకోవడం, పాటలు కట్టడం, బొమ్మలు చేసి ఫోన్లలో పంచుకోవడం అభిమానంలో భాగమైపోయింది. క్రికెట్‌లో ఉంది, ఫుట్‌బాల్‌లో అంతకన్నా ఎక్కువ ఉంది. అది అమర్యాద అనో, పాపం అనో చెప్పి వదిలేయడం నా ఉద్దేశం కాదు. ఆ నవ్వు వల్ల జరిగే నష్టం నవ్వేవాడికే అంటాను. పక్క జట్టు యజమాని అప్పుని గేలి చేసే ప్రతి అభిమానీ ఆ క్షణంలో తన జట్టు యజమానికి కాపలా కాస్తున్నాడు. ఎందుకంటే ఆ గేలిలో చెప్పకుండా చెప్పే మాట ఒకటుంది: మా ఓనర్ దగ్గర డబ్బుంది, మాకేం ఢోకా లేదు. ఆ మాట ఒకసారి నోటంట వచ్చాక, ఆ డబ్బు ఎక్కడిది, ఎంత అప్పు మీద నిలబడింది, రేపు ఆయన చేతులెత్తేస్తే జట్టు గతి ఏమిటి అని అడిగే హక్కుని మనమే చేజేతులా వదులుకుంటాం.

దక్కన్ చార్జర్స్ కథ కొంచెం దగ్గరగా చూడాలి. 2008 జనవరిలో ఆ జట్టుని 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నారు. 2012 ఏప్రిల్ 9న అదే జట్టు మన విశాఖపట్నం పి.ఎం. పాలెం స్టేడియంలో ముంబైతో ఆడింది. డేనియల్ క్రిస్టియన్ వేసిన ఆఖరి బంతిని రోహిత్ శర్మ సిక్సర్ కొట్టి గెలిపించాడు. 2009 కప్పు గెలిచిన దక్కన్ జట్టులో ఆడినవాడే రోహిత్. ఆ రాత్రి మైదానంలో కనిపించిన పోరాటానికీ, ఆ కంపెనీ ఖాతా పుస్తకాల్లో జరుగుతున్నదానికీ ఏ సంబంధమూ లేదు. ఆ వేసవి దాటేసరికి కంపెనీ అప్పులు తీర్చలేకపోతోందన్న సంగతి బయటికొచ్చింది, ఆటగాళ్లకు బకాయిలున్నాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. సెప్టెంబరు 13న జట్టుని వేలానికి పెడితే ఒక్కటే బిడ్ వచ్చింది, పీవీపీ సంస్థది, 900 కోట్లకు. యజమానులు దాన్ని కాదన్నారు. మర్నాడే క్రికెట్ బోర్డు ఒప్పందాన్ని రద్దు చేసింది. కోర్టులు, గడువులు, ఆఖరి నిమిషంలో మరొక కొనుగోలుదారు, ఇవన్నీ అయ్యాక అక్టోబరులో ఆ కథ ముగిసింది. 25వ తేదీన సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల చొప్పున హైదరాబాద్ పేరుతో కొత్త జట్టు హక్కు కొనుక్కుంది. వ్యాజ్యం మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. 2020లో మధ్యవర్తి ఆ రద్దు తప్పని చెప్పి, బోర్డు 4,800 కోట్లకు పైగా చెల్లించాలన్నారు. 2021లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కోట్ల లెక్కలు ఇన్ని వచ్చాయి, ఇంతమంది న్యాయవాదులు వాదించారు. ఆ జట్టుని నాలుగేళ్లకు పైగా వెంటపడి చూసిన మనిషికి ఏం మిగిలిందన్న ప్రశ్న మాత్రం ఏ వ్యాజ్యంలోనూ రాలేదు. ఆ మనిషి అభిమానం ఎవరి పద్దులోనూ లేని ఆస్తి కదా.

అప్పుడు నవ్విన జట్లేవో, ఏడ్చిన జట్లేవో వరస పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 2011 సెప్టెంబరులో కొచ్చి టస్కర్స్ జట్టుని బోర్డు రద్దు చేసింది, బ్యాంకు గ్యారంటీ ఇవ్వలేదని. అది ఆడింది ఒక్క సీజన్. 2012లో దక్కన్ చార్జర్స్, అదే కారణం. 2013లో సహారా వారి పుణె వారియర్స్, మళ్లీ గ్యారంటీ గొడవే. మరుసటి ఏడాది మార్చిలో సహారా అధిపతి జైలుకి వెళ్లారు. 2015 జులైలో లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్లని రెండేళ్లపాటు పక్కన పెట్టింది, జట్టు నడిపే పెద్దలకు బెట్టింగ్‌తో సంబంధం ఉందని తేలింది కాబట్టి. 2016 మార్చిలో మాల్యా దేశం విడిచారు. అయిదారేళ్లలో లీగ్‌లో సగానికి సగం జట్లకు యజమాని వల్ల ఏదో ఒక గండం వచ్చింది. కొచ్చి పోయినప్పుడు హైదరాబాద్ అభిమాని నవ్వి ఉంటే, ఏడాది తిరక్కుండానే ఆ నవ్వు అతనికే ఎదురొచ్చింది. చెన్నై అభిమానులంత ధీమా మరెవరికీ ఉండేది కాదు. వాళ్ల జట్టూ రెండేళ్లు మూలన కూర్చుంది. ఇన్ని ఉదాహరణలు ఉన్నా, ఒక జట్టు గండాన్ని రెండో జట్టువాళ్లు తమకూ హెచ్చరికగా తీసుకుని, మా జట్టు గ్యారంటీ ఏ బ్యాంకుది, ఎన్నాళ్లకు అని బోర్డుని నిలదీసిన దాఖలా లేదు. నవ్వుతోనే సరిపెట్టుకున్నాం.

ఫుట్‌బాల్‌లో ఇదే కథ మన హైదరాబాద్‌లోనే మళ్లీ నడిచింది, దాని నడక ఇంకా వేగం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, పుణె జట్టు మూతపడిన చోటు నుంచి. పుట్టుకలోనే ఒక ఊరి నష్టం ఉంది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. 68వ నిమిషంలో కేరళ గోల్ చేసింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌ది. ఆ కేరళ జట్టులోనూ 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ వాటాలు తీసుకున్నారు. తెలుగువాళ్ల డబ్బు మైదానానికి రెండు పక్కలా ఉందన్నమాట. ఆ కప్పు తర్వాత రెండేళ్లకు, 2023-24 సీజన్‌లో, హైదరాబాద్ జట్టు 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. ఎనిమిది పాయింట్లు, ఆఖరి స్థానం. జీతాలు ఆగిపోయాయి. వెళ్లిపోయిన ఆటగాళ్లకు బాకీలు తీర్చలేదని ఫిఫా కొత్తవారిని తీసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది దాదాపుగా కుర్రాళ్లే. దేశంలోని పెద్ద పెద్ద జట్ల మీదికి ఆ కుర్రాళ్లనే దింపాడు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఊరూ మారింది, పేరూ మారింది. ఇప్పుడది ఢిల్లీ జట్టు.

ఆ కుర్రాళ్ల జట్టు వారం వారం ఓడిపోతూ ఉంటే ఎదుటి జట్ల అభిమానులకు అది వినోదంగానే ఉంది. వారిని తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. తర్వాత ఏం జరిగిందో చూడండి. 2025 జులైలో లీగ్ నడిపే సంస్థ ఏకంగా సీజన్‌నే ఆపేసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం గడువు ముగియబోతుండగా కొత్తది కుదరలేదు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నై జట్టూ అదే బాట పట్టింది. దేశంలో పద్ధతిగా నడుస్తాయని పేరున్న క్లబ్బుల్లో బెంగళూరు ఒకటి. హైదరాబాద్‌లో జీతాలు ఆగినప్పుడే, ఈ లీగ్‌లో టీవీ హక్కుల డబ్బు ఎంత వస్తోంది, క్లబ్బులు ఏటా ఎంత పోగొట్టుకుంటున్నాయి, ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది అని మిగతా ఊళ్ల అభిమానులూ కలిసి అడిగి ఉంటే ఒప్పందం కుదిరేదని నేననను. కానీ ప్రశ్న రెండేళ్ల ముందే బజారున పడేది. హైదరాబాద్ కష్టం ఆ ఊరి యజమానుల చేతగానితనం మాత్రమే అని అందరూ నమ్మడంతో అసలు రోగం మరుగునే ఉండిపోయింది.

ఈ గేలి ఇంగ్లండ్‌లోనూ ఉంది. అక్కడ కూడా మన సంబంధం ఒకటుంది. కోడిగుడ్డు ధర రోజూ పేపర్లో చూసేవారికి నెక్ అనే పేరు తెలిసే ఉంటుంది. 1982లో దాన్ని నిలబెట్టింది బి.వి. రావు. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టిందీ ఆయనే. ఆయన పోయాక కంపెనీని పిల్లలు నడిపిస్తున్నారు, వెంకీస్ పేరు వారిదే. 2010 నవంబరులో ఆ కుటుంబం ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బుని సుమారు 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. 1875లో పుట్టిన క్లబ్ అది. 1888లో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు ఉన్న పన్నెండింటిలో ఒకటి. ఆ ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు పెట్టి 1995లో ఇంగ్లండ్ చాంపియన్‌ని చేశాడు. కొత్త యజమానులు వచ్చిన నెల తిరక్కుండానే అనుభవమున్న మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేశారు. ఫుట్‌బాల్ తెలియని యజమానికి ఎవరు చెవిలో చెబితే వారి మాట నెగ్గుతుంది, ఇక్కడ ఏజెంట్ల మాట నెగ్గింది. 2012 మే 7న సొంత మైదానంలో విగాన్ చేతిలో 1-0తో ఓడి, క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. ఆ రాత్రి ఆట నడుస్తుండగా బ్లాక్‌బర్న్ రంగుల గుడ్డ కప్పిన కోడిని ఎవరో మైదానంలోకి వదిలారు. ఆటగాడొకడు పట్టుకోబోతే అది తప్పించుకుని తిరిగింది. ఆ బొమ్మ ప్రపంచమంతా చూసింది.

బ్లాక్‌బర్న్‌కి ఆగర్భశత్రువు బర్న్‌లీ. రెండు ఊళ్లూ పక్కపక్కనే, రెండూ ఒకప్పటి పత్తి మిల్లుల ఊళ్లే, రెండు క్లబ్బులూ 1888 నాటి పన్నెండులోనివే. వెంకీస్ పేరు బర్న్‌లీ అభిమానులకు ఏళ్ల తరబడి తరగని హాస్యవస్తువు అయింది. సరిగ్గా అదే పదేళ్లలో బర్న్‌లీ ఉన్నంతలో సర్దుకుని నడుస్తున్న క్లబ్‌గా పేరు తెచ్చుకుంది. అప్పు లేదు, ఆడంబరం లేదు, ఊరివాళ్లే డైరెక్టర్లు. మరి 2020 డిసెంబరు 31న ఏమైంది? ఏఎల్‌కే అనే అమెరికా సంస్థ బర్న్‌లీని కొంది. కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగాన్ని, ఆరున్నర కోట్ల పౌండ్లను, ఆ క్లబ్ నెత్తినే పెట్టింది. అమ్ముడైన వస్తువే తన వెల తాను చెల్లించుకోవలసి వచ్చింది. 2022లో క్లబ్ కింది డివిజన్‌కి జారితే, ఆ అప్పులో చాలా భాగం వెంటనే కట్టాలన్న షరతు మీదపడింది. పదేళ్లపాటు పక్క ఊరి కోళ్ల గురించి పాటలు కట్టినవాళ్లు తమ సొంత క్లబ్ అమ్మకం కాగితాల్లో ఏముందో సంతకాలయ్యాకే తెలుసుకున్నారు. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

వెంకీస్ సంగతిలో ఒక న్యాయమైన మాట కూడా చెప్పుకోవాలి. వారు క్లబ్బుని దోచుకున్నారనడం తేలిక, అది నిజం కాదు. ఆ కుటుంబం ఇప్పటికి ఇరవై కోట్ల పౌండ్లకు పైగా అందులో పోసింది. లోపం డబ్బులో లేదు. పుణెలో కూర్చుని, ఊరికి రాకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా క్లబ్బుని నడపడంలో ఉంది. ఇక్కడ కంపెనీ మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ మొదలయ్యాక, అక్కడికి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ ఇబ్బందుల కాలంలోనే, 2024 ఫిబ్రవరిలో, బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి ఆ క్లబ్ అకాడమీలోనే పెరిగిన ఆడం వార్టన్‌ని ఒక కోటీ 80 లక్షల పౌండ్లకు క్రిస్టల్ పాలెస్‌కి అమ్మేశారు. 2025లో మహిళల జట్టుని రెండో డివిజన్‌లో నడపడానికయ్యే ఖర్చు భరించలేమని ఉపసంహరించుకున్నారు. కైరా వాల్ష్, ఎల్లా టూన్, జార్జియా స్టాన్‌వే ఆట నేర్చిన జట్టు అది. 2022లో యూరప్ కప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ఆ ముగ్గురూ ఉన్నారు. ఢిల్లీలో ఒక వాయిదా, పుణెలో ఒక నిర్ణయం. ఆ బరువు చివరికి పడింది లాంకషైర్‌లో ఇంకా పేరే లేని ఆడపిల్లల మీద. బర్న్‌లీవాడు పాడే పాటలో ఆ ఆడపిల్లలు ఎక్కడా ఉండరు.

దీనికి ఎదురుచెప్పేవారి మాటలు కొట్టిపారేయదగ్గవి కావు. ఆట అంటేనే కవ్వింపు, అది తీసేస్తే ఉప్పులేని పప్పు అంటారు మొదటగా. ఒప్పుకుంటాను. క్యాచ్ వదిలేసినవాణ్ణి, సొంత గోల్‌లోకి బంతి కొట్టుకున్నవాణ్ణి వెక్కిరించండి. వాడు వచ్చే వారం మైదానంలోనే బదులు చెబుతాడు. యజమాని అప్పుకి బదులు చెప్పే మైదానం ఏదీ లేదు. బట్టలుతికే మనిషి, బస్సు డ్రైవరు, గడ్డి కోసేవాడు, కుర్రాళ్లకు ఆట నేర్పే కోచ్, వీళ్లకు ఆగిన జీతం ఎదుటివాడికి పాటైతే, వీళ్లు ఏ బంతితో బదులు చెప్పాలి?

రెండో మాట మరీ గట్టిది. అప్పు చేసి పెద్ద పెద్ద ఆటగాళ్లని కొని కప్పులు గెలిచారు కదా, పద్ధతిగా నడిచిన జట్టుకి అన్యాయం జరిగింది కదా, ఇప్పుడు అనుభవించనీ అంటారు. పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్ఏ కప్ గెలిచింది, తాహతుకు మించిన ఖర్చుతో. 2010 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక్క సీజన్‌లో నలుగురు యజమానులు మారారు. తొమ్మిది పాయింట్లు కోశారు. కోయడం న్యాయమే, శిక్ష ఆట నియమాల్లోంచే రావాలి. కానీ అప్పులవాళ్ల జాబితా చూడండి. మ్యాచ్ రోజున స్పృహ తప్పినవాళ్లకు ప్రథమచికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ స్వచ్ఛంద సంస్థకు 2,702 పౌండ్లు బాకీ. ఇంగ్లండ్‌లో ఉన్న నియమం ఏమిటంటే, క్లబ్ దివాలా తీస్తే ముందు ఆటగాళ్లకూ, ఇతర క్లబ్బులకూ ఉన్న బాకీలు పూర్తిగా తీరాలి. ఊళ్లోని చిన్న రుణదాతలకు ఆ తర్వాత మిగిలినదాంట్లో కొంత. అంటే కప్పు గెలిపించినవాడికి పూర్తి డబ్బు, కట్టు కట్టినవాడికి అరకొర. అనుభవించాల్సినవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలని నిజంగా కోరేవాడు ఆ జాబితాని చూసి నవ్వలేడు.

వెక్కిరింత వల్లే చెడ్డ యజమానుల గుట్టు బయటపడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది అన్నది మూడో మాట. ఇందులో సగం నిజముంది, ఆ సగం సొంత అభిమానులది. బ్లాక్‌బర్న్ మైదానంలోకి కోడి వచ్చింది ఆ క్లబ్ అభిమానుల కడుపుమంటలోంచే. దాన్ని ఎగతాళి అనను, నిరసన అంటాను. ఎదుటివాడి పాట మాత్రం యజమానికి చేరదు, పక్క వీధిలో ఉండే అభిమానికి చేరుతుంది. బయటివాడు గేలి చేస్తే ఇంటిమనిషిని వెనకేసుకురావడం మన సహజ గుణం. నిన్నటివరకు యజమానిని ప్రశ్నిస్తున్నవాడు కూడా ఇవాళ ఆయన తరఫున వాదనకు దిగుతాడు. బరీ అనే క్లబ్ కథ ఎక్కడికి చేరిందో గుర్తుంచుకోవాలి. 1885లో పుట్టింది. 2018 డిసెంబరులో ఒక్క పౌండుకు చేతులు మారింది. 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి వెళ్లగొట్టారు. ఆ దెబ్బతో ఇంగ్లండ్‌లో జట్ల మధ్య గోడలు కొంచెం పగిలాయి. అభిమానుల అభిప్రాయాలతో 2021లో ఒక సమీక్ష వచ్చింది, 2025 జులైలో చట్టం వచ్చింది. ఇప్పుడు క్లబ్బుల యజమానుల యోగ్యతనూ, ఆర్థిక స్థితినీ చూసే స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉంది. క్లబ్ చిహ్నం, రంగులు మార్చాలంటే అభిమానుల సమ్మతి కావాలి. ఆ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో శత్రు క్లబ్బుల అభిమాన సంఘాలు పక్కపక్కనే ఉన్నాయి.

ఇదంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతలకు ఎందుకు? డబ్బున్నవాడే జట్టు అనుకోవడం మన నేలకు కొత్త కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ మన విజయనగరం మహరాజకుమార్ విజ్జీ. ఆటకి ఆయన పోసిన డబ్బు, ఆయన పలుకుబడి ఆ పదవి తెచ్చాయి. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ని పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఇప్పటి కాలానికి వస్తే, ఢిల్లీ జట్టుని 2008లో 8 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్న జీఎమ్మార్ సంస్థ అధిపతి గ్రంధి మల్లికార్జునరావు పుట్టింది రాజాంలో. 2022 దాకా అది శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. 2018లో ఆ జట్టులో సగం వాటా జేఎస్‌డబ్ల్యూకి అమ్మారు. ఆ దశాబ్దంలో గ్రూపు మీద పెద్ద అప్పులుండేవని, ఆస్తులమ్మి తగ్గించుకుంటున్నారని అందరికీ తెలిసిన సంగతే. 2024లోనూ 2025లోనూ ఢిల్లీ జట్టు విశాఖలో సొంత మ్యాచ్‌లు ఆడినప్పుడు, మనోడి జట్టు అని ఇక్కడ పొంగిపోయాం. ఆ గర్వం సహజం. కానీ ఎదుటి యజమానిని చూసి నవ్వడం, మన యజమానిని చూసి పొంగడం, రెండూ యజమానినే జట్టుగా లెక్కకట్టడంలోంచి పుడతాయి. మన ఊరివాడైన యజమానిని కూడా పరాయి యజమానిని అడిగినంత గట్టిగా లెక్క అడగగలగాలి.

నెల్లిమర్ల జూట్ మిల్లు ఎన్నిసార్లు లాకౌట్ పడిందో ఆ చుట్టుపక్కలవాళ్లకు చెప్పనక్కర్లేదు. గేటుకి తాళం పడి, పీఎఫ్ బాకీ, గ్రాట్యుటీ బాకీ అంటూ కార్మికులు రోడ్డు మీద కూర్చున్నప్పుడు, మరో మిల్లు కార్మికుడు వచ్చి మీ ఓనర్‌కి దమ్ములేదు అని నవ్వడు. రేపు తన గేటుకీ ఆ తాళమే అని వాడికి తెలుసు. అదే మనిషి కొడుకు ఫోన్‌లో ఎదుటి జట్టు జీతాల బాకీ మీద నవ్వుకుంటున్నాడు. తండ్రికి ఉన్న తెలివిడి కొడుక్కి లేదని కాదు. జట్టులో పనిచేసేవాళ్లూ కార్మికులేనన్న సంగతి వెలుగుల్లో, మోతల్లో అతనికి కనబడకుండా పోయింది.

2022లో ఆంధ్రా క్రికెట్ సంఘం ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టినప్పుడు అందులో ఉత్తరాంధ్ర లయన్స్ అనే జట్టుండేది. మన ప్రాంతం పేరు మీద జట్టు. 2025లో కొత్త ఫ్రాంచైజీలు, కొత్త పేర్లు వచ్చాయి, ఉత్తరాంధ్ర పేరు ఆ జాబితాలో లేదు. అందులో మోసం జరిగిందని నేననడం లేదు. మన ప్రాంతం పేరు పెట్టేటప్పుడూ, తీసేటప్పుడూ ఇక్కడ ఎవరినీ అడగాల్సిన నియమం లేదన్నదే నా బాధ. వచ్చే సీజన్ వేలానికి ముందే మన జిల్లాల క్రికెట్ సంఘాలూ, క్లబ్బులూ, ఆట చూసే యువకులూ కలిసి అడగవలసినవి ఉన్నాయి. జట్టు కొనే ప్రతి సంస్థా సీజన్ మొత్తానికి ఆటగాళ్లకూ, సహాయక సిబ్బందికీ ఇవ్వాల్సిన డబ్బుని ముందుగానే సంఘం దగ్గర విడి ఖాతాలో జమ చేయాలి. యజమాని చేతులెత్తేస్తే మొదటి చెల్లింపు నెలజీతగాళ్లకూ, బస్సుకీ, భోజనానికీ, ఊళ్లోని చిన్న సరఫరాదారులకూ దక్కాలి. ప్రాంతం పేరు మార్చాలంటే ఆ ప్రాంతపు జిల్లా సంఘాల ఒప్పుదల రాతపూర్వకంగా ఉండాలి. యజమాని సంస్థ ఏడాది లెక్కలు సీజన్ మొదలయ్యేలోపు అందరూ చూసేలా పెట్టాలి. విశాఖ జట్టువాడూ, కాకినాడ జట్టువాడూ, భీమవరం జట్టువాడూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇది అడిగితే సంఘం కాదనడం కష్టం. అలాంటి కాగితం ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఆట మీద ప్రేమున్నవాళ్లు ఎవరైనా దాన్ని మొదలుపెట్టవచ్చు.